తూకం వెయ్యని డిస్క్

రిటైర్ అయ్యానంటే నవ్వుతారు. నాకు ముప్పై ఆరేళ్లు. పద్దెనిమిదో ఏట స్పానర్ పట్టుకున్నాను. పోయినేడు నడుములో నరం నొక్కుకుపోయింది. వంగొద్దు, బరువెత్తొద్దు అన్నాడు డాక్టర్. బ్రేకుల పనిలో వంగకుండా, ఎత్తకుండా చేసేది ఏదీ లేదు. కాబట్టి వదిలేశాను.

ఖరీదైన కార్ల వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, కార్బన్ సిరామిక్ బ్రేకులు మంచివా, స్టీల్ మంచివా?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే ఫోన్‌లోనే టైప్ చేసి పెడుతున్నాను. ఎక్కడెక్కడ పనిచేశాను, ఎప్పుడు సీనియర్‌ని అయ్యాను అన్నవి మీకు పనికిరావు. నేను చేసిన తప్పులు పనికొస్తాయి.

ఇనుము చెప్పేస్తుంది

మేం స్టీల్ డిస్క్ అంటాం కానీ అది నిజానికి పోత ఇనుము. చక్రంతో పాటు తిరిగే పెద్ద పళ్లెం. బ్రేక్ తొక్కితే కాలిపర్ అనే పట్టకారు రెండు వైపుల నుంచి ప్యాడ్లను దాని మీద అదుముతుంది. అంతే బ్రేకంటే. మిగతాదంతా ఆ వేడి ఎక్కడికి పోతుందన్న గొడవే.

నాకు పని నేర్పింది ఖాజా భాయ్. ఉండేది మలక్‌పేట. వర్క్‌షాపు కొత్తపేటలో, మెయిన్ రోడ్డు వెనక గల్లీలో. రెండు లిఫ్టులు, ఒక రేకుల షెడ్డు. కానీ ఫారిన్ కార్లు అక్కడికే వచ్చేవి. ఆయన బొంబాయిలో చాలా ఏళ్లు ఆ పనే చేసి వచ్చాడు. కారు గల్లీ మలుపు తిరుగుతుండగానే లోపల నుంచి "ముందర ఎడమది" అనేవాడు. చక్రం విప్పితే అదే అయ్యేది.

చేరిన కొత్తలో సైదాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ కారు వచ్చింది. ముందు డిస్కులు కొత్తవి వేశాను. వారానికే మళ్లీ వచ్చింది. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందని. డిస్కులు నాసిరకమని సప్లయర్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఖాజా భాయ్ ఆ డిస్క్ ఊడదీసి, అది కూర్చునే హబ్ మీద గోటితో గీకాడు. గోరులోకి తుప్పు పొలుసు వచ్చింది. పాత తుప్పు శుభ్రం చెయ్యకుండా దాని మీదే కొత్త డిస్క్ బిగించానన్నమాట. బియ్యపు గింజలో పావు వంతు తుప్పు చాలు, డిస్క్ ఊగుతూ తిరగడానికి.

"గా సప్లయర్‌కు ఫోన్ చేసి మాఫీ అడుగు," అన్నాడు.

"నేనడగ."

"అయితే ఇంటికి పో బేటా. బస్సు టైం అయింది."

అడిగాను. హబ్ తోమి, నేను నాసిరకమన్న డిస్కులే మళ్లీ వేస్తే కారు వెన్నలా ఆగింది. ఇనుముతో ఉన్న మంచితనం ఇది. తప్పు చేస్తే వణుకుతుంది, కీచుమంటుంది, అంచున గట్టు కడుతుంది, నీలం రంగుకు తిరుగుతుంది. ఎలాగోలా చెప్పేస్తుంది. దాన్నే అలవాటు చేసుకున్నవాడు, చెప్పని వస్తువు చేతికొస్తే మోసపోతాడు.

పసుపు కాలిపర్ల కారు

తెలంగాణ ఉద్యమం రోజులవి. నాకు ఇరవై రెండో, ఇరవై మూడో. వారంలో ఎన్ని రోజులు షట్టర్ ఎత్తుతామో మాకే తెలిసేది కాదు. ఎత్తినా సగమే.

ప్రసాద్ గారిది గుంటూరు వైపు ఊరు. ఎల్బీ నగర్ దాటాక అపార్ట్‌మెంట్లు కట్టేవారు. నలభై ఏళ్లుంటాయి. బొంబాయిలో ఎవరో వాడిన రెండు డోర్ల జర్మన్ స్పోర్ట్స్ కారు కొనుక్కున్నారు. ముందు ప్యాడ్లు అరిగిపోయాయని తెచ్చారు. చక్రాల ఊచల మధ్య నుంచి పసుపు కాలిపర్లు కనపడగానే కింద కూర్చుని లోపలికి చూశాను. ఆ కార్లలో పసుపంటే కార్బన్ సిరామిక్, ఇనుముకు బదులు పింగాణీ లాంటి పదార్థంతో చేసిన డిస్క్. అప్పటిదాకా ఫోన్‌లోనే చూశాను. ముందు ఫొటోలు తీసుకుని, తర్వాత నమస్కారం పెట్టాను.

ఆయనతో డ్రైవర్ సైదులన్న వచ్చేవాడు. నల్గొండ దగ్గరి పల్లె ఆయనది. అలాంటి కారుకు డ్రైవర్ని పెట్టుకోవడమేంటని మీకనిపిస్తుంది. ఆ రోజుల్లో మా వైపు ఆంధ్రా ఓనర్లు చాలామంది బంద్ అంటే పక్క సీట్లోకి జరిగేవాళ్లు. అద్దం మీద 'జై తెలంగాణ' స్టిక్కర్ ఎవరైనా అంటించుకోవచ్చు. అద్దం దింపమన్నప్పుడు లోపల నుంచి వచ్చే మాటను బట్టే దారి దొరికేది. సైదులన్న నోరు తెరిస్తే రోడ్డుకు అడ్డం పెట్టిన డ్రమ్ములు పక్కకు జరిగేవి.

"ఏది మంచిదంటావ్ శ్రవణ్?" అన్నారు ప్రసాద్ గారు నాతో. "అమ్మినాయన ఇవి ప్రపంచంలోనే నంబర్ వన్ అన్నాడు. ఖాజా భాయేమో తీసేసి స్టీల్ వేద్దామంటున్నారు."

ఖాజా భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మీరు నడిపేది యాడ సాబ్? దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ కాడ. ఇవి రేసుల ఉరికే బండికి. ముందుగల ఎవరు నడిపిన్రో, ఎంత కాల్చిన్రో మనకు ఎర్కలేదు. ఉంచుదమంటే ఉంచుదం. కానీ ముందు తూకం వెయ్యాలె."

"తూకమా?"

ఆయన అన్నది ఏమిటంటే, ఇనుప డిస్క్ అరిగితే పలచబడుతుంది. మందం కొలిస్తే తెలిసిపోతుంది. సిరామిక్ డిస్క్ మందం దాదాపు అలాగే ఉంటుంది. విపరీతంగా వేడెక్కినప్పుడల్లా లోపలి కార్బన్ కొంచెం కొంచెం కాలిపోయి డిస్క్ తేలికైపోతుంది. పైకి నున్నగా, నల్లగా, కొత్తదానిలాగే కనిపిస్తుంది. అందుకే ఇంతకంటే తక్కువ బరువుంటే వాడొద్దని డిస్క్ మీదే అంకె ముద్రించి ఉంటుంది. ఊడదీసి, శుభ్రం చేసి, ఆరబెట్టి, కాంటా మీద పెట్టాలి.

ఇదంతా నేను ఎక్కడా చదవలేదు. నేను చదవనిది ఖాజా భాయ్‌కి తెలియడం నాకు నచ్చలేదు.

"ఏమన్న జామకాయలా భాయ్, కాంటా వెయ్యనీకి?" అన్నాను.

ప్రసాద్ గారు పకపకా నవ్వారు. ఆ నవ్వుతో రెచ్చిపోయాను. ఫోన్ తీసి చూపించాను. "సార్, ఇనుము బరువులో సగమే ఉంటది. ఎన్నిసార్లు గట్టిగ కొట్టినా పట్టు తగ్గది. చక్రాలకు నల్ల పొడి అంటుకోదు. కారు ఉన్నన్ని రోజులు ఉంటది. ఇవి తీసేసి ఇనుమేస్తే బొంబాయోళ్లు నవ్వుతరు."

"సరేలే తమ్ముడూ. నీ మాట మీదే ఉంచేస్తున్నా," అన్నారు.

ఖాజా భాయ్ లోపలికి వెళ్లిపోయాడు. కస్టమర్ ముందు పనివాడి మాట కొట్టెయ్యడం ఆయన పద్ధతి కాదు.

ఒక్క గుంజు

షాపులోనే ఉన్న ఆ కారుకు ప్యాడ్లు వచ్చిన రోజే బంద్ పడింది. మలక్‌పేట దగ్గర రోడ్డు మూసేశారు. ఖాజా భాయ్ రాలేకపోయాడు. షాపులో నేనొక్కణ్ణే. ఇంకోపక్క ప్రసాద్ గారు ఫోన్ చేస్తున్నారు. ఆయన భార్య కాన్పుకు విజయవాడ, పుట్టింటికి వెళ్లింది. డాక్టర్ ఇవాళో రేపో అన్నారట. బస్సుల్లేవు, రైళ్లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. కారు సాయంత్రానికల్లా కావాలన్నారు.

ఖాజా భాయ్‌కి ఫోన్ కొట్టాను. "పిన్నులు పెట్టి చక్రం తియ్యి. డిస్కులు దించు. మన మూలకున్న కిరాణా కొట్ల ఎలక్ట్రానిక్ కాంటా ఉంది, ఆయనకు చెప్పిపెట్టిన. తూకం చూసి నాకు అంకె చెప్పు. తర్వాతనే ప్యాడ్లు."

"భాయ్, టైం లేదు. నేను మందం కొలుస్త గద."

"ఫోన్ల సదివింది చాలు. చెప్పింది చెయ్యి."

కట్ చేశాను. ఒళ్లు మండిపోయింది.

పిన్నుల సంగతి మీకు తెలియాలి. ఆ కారు చక్రానికి బోల్టులుంటాయి. అవి తీశాక రెండు పొడవాటి పిన్నులు బిగిస్తే చక్రం వాటి మీద జారుతూ తిన్నగా బయటికొస్తుంది. పిన్నుల్లేకుండా తీస్తే చక్రం బరువుకు కిందికి జారి డిస్క్ అంచుకు కొట్టుకుంటుంది. ఇనుమైతే గీత పడుతుంది. సిరామిక్ అయితే పింగాణీ పళ్లెం అంచులా పెచ్చు ఊడుతుంది.

కోపంలో ఉన్నాను. పిన్నులు టూల్ డబ్బా అడుగున ఉన్నాయి. కుడి ముందు చక్రం రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

టిక్.

అంత చిన్న చప్పుడు. డిస్క్ అంచున బొటనవేలి గోరంత గాయం. తర్వాత ఫోన్ తీసి, ఎంత పెచ్చు పోతే పరవాలేదో వెతికాను. ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి రాసుంది. నాకు అనుకూలంగా ఉన్నదాన్ని నమ్మాను. సన్నటి గరుకు కాగితంతో అంచు రుద్దాను. రెండు ముందు డిస్కుల మందం కొలిచాను, బాగానే ఉంది. కాంటా దగ్గరికి తీసుకెళ్తే కొట్టాయన చూస్తాడు, ఖాజా భాయ్‌కి చెప్తాడు. తీసుకెళ్లలేదు. టైం లేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. టైం ఉంది.

సాయంత్రం సైదులన్న వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అంత మంచిగుందా తమ్మీ?" అన్నాడు.

"కొత్త బండి లెక్కుంది అన్నా."

"మనం ఇంజనీర్లం కాదు. నువ్వు ఉందంటే ఉన్నట్టే," అని తాళం తీసుకున్నాడు.

లిఫ్టు కింద నల్ల పెచ్చు

మరునాడూ బంద్. అయినా ఖాజా భాయ్ గల్లీల్లోంచి నడుచుకుంటూ పొద్దున్నే వచ్చేశాడు. షాపు ఆయనే ఊడ్చుకుంటాడు, ఇంకొకరిని ఊడ్వనివ్వడు. లిఫ్టు కింద చీపురు ఆగింది. వంగి ఏదో తీశాడు. కళ్లజోడు పెట్టుకుని వెలుతురులోకి తెచ్చాడు.

"ఇది ఏంది బేటా?"

"తెల్వది భాయ్."

"ఇనుముది కాదు."

నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

"తూకం ఎంతొచ్చింది?"

నా దగ్గర అంకె లేదు. ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాను. అసలు ఆ డిస్క్ రెండు కిలోలుంటుందో పది కిలోలుంటుందో కూడా నాకు తెలియదు. అబద్ధం చెప్పడానికైనా కొంచెం పని తెలిసుండాలి.

"వెయ్యలే," అన్నాను.

తిడతాడనుకున్నాను. ఆ నల్ల పెచ్చు తెచ్చి నా ఫోన్ అద్దం మీద పెట్టాడు. "బండి యాడుంది?"

"విజయవాడ పోతమన్నరు. పొద్దున్నే."

"ఫోన్ కొట్టు."

ప్రసాద్ గారిది ఎంగేజ్. సైదులన్నది అందుబాటులో లేదు. మళ్లీ ఎంగేజ్. మళ్లీ అందుబాటులో లేదు. పదకొండోసారి కొడుతుంటే ఖాజా భాయ్ షాపులో ఉండే బైకు తాళం నా చేతిలో పెట్టాడు.

"ఎల్బీ నగర్ దాటిందంటే నీకు దొరకది. పో."

ఎల్బీ నగర్ చౌరస్తా

ఆ రోజుల్లో రోడ్లు ఎప్పుడు తెరుస్తారా అని అందరం ఏడ్చినవాళ్లమే. ఆ పొద్దున మాత్రం, అన్నా ఆపండి, ఎవ్వర్నీ వదలకండి అని మొక్కుకుంటూ బండి నడిపాను. నా భయమంతా సైదులన్న నోరే. ఆయన అద్దం దింపి రెండు ముక్కలు మాట్లాడితే దారి ఇచ్చేస్తారు. అక్కడి నుంచి తిన్నగా హైవే.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర లారీలు నిలిచిపోయి ఉన్నాయి. రోడ్డు నడుమ టైరు కాలుతోంది. ఒక కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"యాడికిరా?"

"సార్, బ్రేకులు సరిగ్గ లేని బండి ఒకటి హైవే ఎక్కుతుంది. ఆపాలె."

"నీ బండేనా?" అని నా బైకు కిందికి వంగి చూశాడు. ఆ వంగడంలోనే పక్క నుంచి దూరిపోయాను.

చౌరస్తాలో వంటావార్పు నడుస్తోంది. రోడ్డు మీదే పొయ్యిలు, పెద్ద గుండిగలో అన్నం, డప్పులు, వరసలో కూర్చుని తింటున్న జనం. అడ్డంగా తారు డ్రమ్ములు. అన్నింటికంటే ముందు ఆ కారు. అద్దం దించి ఉంది. సైదులన్న తల బయటపెట్టి, మెడలో కండువా వేసుకున్న పెద్దమనిషితో మాట్లాడుతున్నాడు. మల్లేశన్న, మల్లేశన్న అని అందరూ పిలుస్తున్నది ఆయన్నే.

"అన్నా, మనది నకిరేకల్ దగ్గర. సారుది ఆ దిక్కే గానీ మంచోడు. ఆయన భార్య నొప్పులు పడుతుందట."

"అరె, అట్లైతే ముందే చెప్పొద్దా!" అన్నాడు మల్లేశన్న. "ఓ పోరగాండ్లూ, డ్రమ్ము జరుపుండ్రి. బండిని పోనియ్యుండ్రి."

ఇద్దరు డ్రమ్ము మీద చెయ్యేశారు.

"జరపకుండ్రి!" అని అరిచాను. బైకు తీసుకొచ్చి కారు ముందు అడ్డంగా పెట్టాను.

డప్పు ఆగిపోయింది. మల్లేశన్న నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "ఎవనివిరా తమ్మీ నువ్వు? మేమే పోనిస్తుంటే నువ్వు ఆపుతవ్? మాకంటే పెద్ద లీడర్‌వా?"

జనం నవ్వారు. ప్రసాద్ గారు తలుపు తీసుకుని దిగారు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఏంటిది శ్రవణ్? తప్పుకో."

"సార్, బండి పోవద్దు."

"నువ్వు కూడానా?" అన్నారు. "నిన్నటిదాకా సార్ సార్ అన్నావే. పుట్టేది ఆంధ్రావాడి బిడ్డయితే నీక్కూడా అడ్డం పడాలనిపించిందా?"

"అది కాదు సార్."

"మరేంటి?"

దారిలో ఒక మాట తయారు చేసుకున్నాను. ఇంకో బండిలో ఇవే ప్యాడ్లు చప్పుడు చేస్తున్నాయట, ఒకసారి చూడాలి అని. నిన్నటి నా సంగతి అందులో లేదు. ఆ మాట నాలుక చివర ఉంది. కారు లోపల సైదులన్న రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని నా మొహం వైపే చూస్తున్నాడు.

"నిన్న చక్రం తీసేటప్పుడు డిస్క్ అంచు పగలగొట్టిన సార్," అన్నాను. "చెప్పలే. తూకం వెయ్యమని భాయ్ చెప్పిండు. అది గూడ వెయ్యలే. ఆ బ్రేకు ఎట్లుందో నాకు నిజంగ తెల్వదు."

సైదులన్న దిగాడు. తలుపు మెల్లగా మూశాడు.

"నిన్న నిన్ను అడిగిన గద తమ్మీ."

"అడిగినవ్ అన్నా."

"నువ్వేమన్నవ్?"

ఆయన కొట్టుంటే బాగుండేది.

"బ్రేకు పడతదా, పడదా?" అన్నాడు మల్లేశన్న.

"పడతది. హైవే మీద ఎన్నిసార్లు పడతదో చెప్పలేను."

ప్రసాద్ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "లేబర్ రూంలోకి తీసుకెళ్లారంట," అన్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "ఇప్పుడు నేనెలా వెళ్లాలి?"

నిజం చెప్పాను కదా, ఇంకేం కావాలని లోపల ఎక్కడో అనిపించింది. ఆయనకు కావాల్సింది నా నిజం కాదు, విజయవాడ.

మల్లేశన్న గడ్డం గోక్కున్నాడు. "కోదాడల మీటింగుంది. మా జీపు ఇప్పుడే పోతది. ఆడి దాకా ఎవ్వడాపడు. అవతల మీ దిక్కు బస్సులు నడుస్తున్నయి. ఎక్కుతవా సార్? కానీ జెండాలు తియ్యం."

"జెండాలుంటే నాకేమండీ," అన్నారు ప్రసాద్ గారు. "బ్రేకులున్నాయిగా?"

మల్లేశన్నే ముందు నవ్వాడు. జీపులోంచి ఎవరో కుర్రాడు అరిచాడు. "సార్, నినాదమిచ్చినప్పుడు నోరు కదపాలె! లేకుంటే చిట్యాల్ల దింపుతం!"

పొయ్యి దగ్గరున్న పెద్దామె ఆకులో అన్నం పొట్లం కట్టి ఆయన చేతిలో కుక్కింది. జీపు కదిలింది. ఆయన నా వైపు చూడలేదు.

కాంటా

కారు వెనక్కి తీసుకుపోవాలి. బైకు మీద ముందు పోతానన్నాను.

"వద్దు. బైకు ఈడనే ఉండనీ. నువ్వు కారెక్కు," అన్నాడు సైదులన్న. "నీ చేతి పని గద. ముందల కూసో."

ఎక్కాను. మొదటి గేరులో నడకలా నడిపాడు. కొత్తపేట గల్లీ మలుపు దగ్గర అన్నాడు, "చౌటుప్పల్ దాటినంక నూట నలభై మీద కొడదామనుకున్న. సారు చెప్పలే. ఆమె నొప్పుల మాట ఇని నేనే అనుకున్న."

ఖాజా భాయ్ పిన్నులు బయటికి తీసి పెట్టి ఉంచాడు. నా చేతే పెట్టించాడు, చక్రాలు నా చేతే తీయించాడు. రెండు ముందు డిస్కులు తుడిచి, ఆరబెట్టి, గోనెపట్టాలో చుట్టి కిరాణా కొట్టుకు మోసుకెళ్లాం. బంద్ కదా, సగం షట్టర్ కింద నుంచి వంగి దూరాం.

"ఇంత నల్లగుంది, బెల్లమా భాయ్?" అన్నాడు కొట్టాయన, చక్కెర మూట కాంటా మీద నుంచి దించుతూ.

ముందు కుడిది పెట్టాం. నేను పగలగొట్టింది. డిస్క్ మీదున్న అంకె కంటే కొంచెం ఎక్కువే ఉంది. పెచ్చు కూడా కంపెనీ పుస్తకం ఒప్పుకునే కొలతలోపే ఉందని ఖాజా భాయ్ తేల్చాడు. నాకు ఊపిరి వచ్చింది.

తర్వాత ఎడమది పెట్టాం. నిన్న నేను మందం కొలిచి, బాగుందని మురిసిపోయింది. ఎక్కడా గీత లేదు. ఖాజా భాయ్ అంకె చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఉండాల్సిన కనీస బరువుకు డెబ్బై గ్రాములు తక్కువ.

"డెబ్బై గ్రాములేనా?" అన్నాడు కొట్టాయన. "పసుపు పొట్లమంత లేదు."

సైదులన్న ఖాజా భాయ్ వైపు తిరిగాడు. "పోయుంటే ఏమయ్యేది?"

"ఏమీ కాకపోవచ్చు," అన్నాడు ఖాజా భాయ్. "పోయి రావచ్చు. లేకుంటే రెండుసార్లు గట్టిగ తొక్కినంక వేడికి పొర లేస్తది. అప్పుడు ఎడమ దిక్కు పట్టది, కుడి దిక్కు పడతది. నూట నలభై మీద బండి అడ్డం తిరుగుతది. ఏదైతదో నాకు తెల్వదు. తెల్వనప్పుడు బండి ఇయ్యొద్దు. గంతే."

మధ్యాహ్నం దాటాక ప్రసాద్ గారు సైదులన్నకు ఫోన్ చేశారు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఆయన ఆసుపత్రికి చేరేసరికి పాప పుట్టి గంటన్నర అయిందట.

నాకు చెయ్యలేదు. ఎందుకు చేస్తారు?

ఏది మంచిది

రోడ్లు తెరిచాక ఆయన షాపుకొచ్చారు. పాప ఫొటో ఖాజా భాయ్‌కి చూపించారు. నాకు చూపించలేదు. తర్వాత మాత్రం నన్ను పిలిచి, "ఇప్పుడు చెప్పు, ఏది వెయ్యమంటావ్?" అన్నారు.

"స్టీల్ సార్. నాలుగు చక్రాలకూ. ప్యాడ్లు కూడ దానికి తగినవే మార్చాలె, సిరామిక్ ప్యాడ్లు ఇనుము మీద పనిచెయ్యవు."

"అప్పుడేమో సిరామిక్‌కు సాటి లేదన్నావ్. మాట మార్చావే."

"అప్పుడు బ్రేకు గురించి చెప్పిన సార్. ఇప్పుడు మీ బండి గురించి చెప్తున్న."

మీరడిగే ప్రశ్నకు నా జవాబు అదే. సిరామిక్ గొప్ప వస్తువు. తేలిక, వేడికి లొంగదు, తుప్పు పట్టదు, పొడి రాలదు. ట్రాక్ మీద గంటల తరబడి తొక్కి తొక్కి ఇనుము చేతులెత్తేసిన చోట అది పనిచేస్తుంది. కొత్త కారుతో వచ్చి, ఒకే ఓనర్ చేతిలో, మామూలు రోడ్డు మీద తిరిగితే ఏళ్ల తరబడి ముట్టుకునే పని ఉండదు. కానీ ట్రాక్ మీద కాల్చేసినదాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొంటే అది ఎంత మిగిలుందో కాంటా తప్ప ఎవరూ చెప్పలేరు. తెల్లారి వాన తడిలో మొదటి తొక్కుడుకు కొంచెం బద్ధకిస్తుంది. పంక్చర్ షాపులో ఒక్క గుంజుకు పెచ్చూడుతుంది. అది పోతే ఇంకోటి రావడానికి నెలలు.

స్టీల్ బరువు, పొడి, తుప్పు, మూడూ నిజమే. అరుగుతుంది, మార్చాలి. కానీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా గుంతలు, సిగ్నళ్లు, అడ్డొచ్చే ఆటోలు, ఇదే మీ కస్టమర్ జీవితమైతే స్టీల్ తక్కువ బ్రేకేమీ కాదు. పసుపు రంగు కోసం సిరామిక్ ఉంచుకుంటానంటే కాలిపర్‌కు పెయింట్ వేయించుకోమనండి. నేనైతే అలాగే చెప్పేవాణ్ణి, కొందరు కోపగించుకుని వెళ్లిపోయారు కూడా.

ఫోన్‌లో చదవొద్దని నేను చెప్పను. నాకంటే ఎక్కువ చదివినవాడు ఆ షాపులో లేడు. చదివినదాన్ని కస్టమర్ ముందు పెద్దాయన నోరు మూయించడానికి వాడాను చూడండి, అది నా తప్పు. ఒక తప్పును దాచడానికి, కొలవాల్సింది కొలవకుండా వదిలేశాను. ఇది అన్నింటికంటే పెద్దది. ఖాజా భాయ్ నన్ను పనిలోంచి తియ్యలేదు. రెండు నెలలు హబ్‌ల తుప్పు మాత్రమే తోమించాడు. తోమాను.

స్టీల్ వేశాక ఆరు నెలలకు ఆ కారు సర్వీసుకు వచ్చింది. ప్రసాద్ గారు అప్పటికి మామూలుగా మాట్లాడుతున్నారు. సైదులన్న కూడా మాట్లాడేవాడు. చాయ్ తాగావా అంటే తాగానని, బాగున్నావా అంటే బాగున్నానని. బండి గురించి మాత్రం నన్ను ఏమీ అడిగేవాడు కాదు.

ఆ రోజు బోల్టులు తీశాను, పిన్నులు బిగించాను, చక్రం పట్టుకున్నాను. బెంచీ మీద కూర్చున్న సైదులన్న లేచి వచ్చాడు. నా పక్కన కూర్చుని, చక్రం ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టి, డిస్క్ అంచు మీద వేళ్లు కప్పాడు. ఇంజనీర్లం కాదన్న మనిషి, ఎక్కడ తగిలితే పగులుతుందో సరిగ్గా అక్కడే పెట్టాడు.

అన్నా, ఇప్పుడది ఇనుము, తగిలినా ఏం కాదు, నీ వేళ్లే నలుగుతాయి అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయన వేళ్లకు తగలకుండా చక్రాన్ని అంగుళం అంగుళం బయటికి లాగాను.